అమ్మవారి కళ్లు నా జేబులో

మొన్నటి ఎండాకాలం జనగామ నుంచి భూపాలపల్లి వైపు బండి మీద బయల్దేరాను. భుజాన వేలాడే కెమెరా సంచి ఏడాది దూడంత బరువుంది. రేగొండ దాటి చాలా దూరం పోయాక, మట్టిదిబ్బల వెనక ఒక ఎడారి ఉంది. ఎడారి అనేది నా మాట. అక్కడివాళ్లు పడావు భూమి అంటారు. గడ్డిపోచ లేదు, నీడ లేదు. దారి తప్పి వచ్చిన కాకి ఒకటి నన్ను చూసి, నాకంటే తెలివిగలది కనుక, వచ్చిన దారినే ఎగిరిపోయింది.

ఆ నేల మీద పాతకాలపు చెక్కడపు రాళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. కత్తి పట్టిన వీరుడు, మొహం అరిగిన గుర్రం, చివరన నా ఛాతీ ఎత్తున ఒక స్త్రీమూర్తి. ఇలాంటివాటిని ఫొటోలు తీయడం నా పిచ్చి. నా భార్య దీనికి వేరే పేరు పెట్టింది కానీ అది అచ్చులో రాయదగ్గది కాదు.

వీరుణ్ని బోర్లా పడుకుని తీశాను, గుర్రాన్ని వెల్లకిలా పడుకుని తీశాను. చిక్కంతా స్త్రీమూర్తి దగ్గరే వచ్చింది. ఊరివాళ్లు ఆమెను అమ్మగా కొలుస్తారు. మొహం నిండా పసుపు, మైనంతో అతికించిన రెండు వెండి కళ్లు. ఎటునుంచి తీసినా ఎండకు వెండి మెరిసి ఫొటోలో రెండు తెల్లమచ్చలే పడుతున్నాయి. శిల్పి చెక్కిన అసలు కళ్లు వాటి కిందే ఉన్నాయి కదా అని నాలోని పండితుడు గొణిగాడు. చుట్టూ చూసి, గోటితో గీరాను. కళ్లు ఊడివచ్చాయి. జేబులో వేసుకున్నాను. మైనం గీకి పారేసి, సీసాలో నీళ్లతో పసుపు కడిగి, రుమాలుతో తుడిచాను. అమ్మకు స్నానం చేయించిన పుణ్యం కూడా నాకే రాసుకున్నాను.

అప్పుడు వెనక మాటలు వినిపించాయి.

"జర మెల్లగ నడువు. రాళ్లున్నయి."

"కండ్లకు నువ్వే కడితివి. రాళ్లెట్ల కనబడుతయే నాకు."

ఒక ముసలవ్వ తన పెనిమిటిని చెయ్యి పట్టి నడిపించుకొస్తోంది. ఆయన నల్ల కళ్లద్దాల మీదుగా తువ్వాల కట్టి ఉంది. దూరాన రోడ్డు మీద వాళ్ల ఆటో ఆగి ఉంది.

"దవాఖానల డాక్టరు కట్టిప్పిండు. నువ్వు మల్ల కట్టినవ్," అన్నాడాయన. "లగ్గమైనకాంచి నేనెవర్ని చూడాల్నో ఈమెనే చెప్తది."

"మొక్కిన గద. ఆపరేషనైనంక ముందుగాల నేను పెట్టిన వెండి కండ్లనే చూడాలె. గప్పుడే నీ చూపు నిలబడుతది."

అంటూనే ఆమె రాయిని చూసింది. తర్వాత నా చేతిలో పచ్చబడ్డ రుమాలును చూసింది. ఆగిపోయింది.

"ఏందే, ఆగినవ్?"

"కాళ్ల ముల్లిరిగింది. ఉండు."

నేను జేబులోంచి కళ్లు తీసి చూపించాను. ఆమె గడ్డంతో రాయి వైపు చూపించింది. అతికించబోయాను, తడిరాయి మీంచి జారిపోయాయి. చివరికి రాయి పక్కన నిలబడి, ఒక చెయ్యి అమ్మ తల వెనకనుంచి తిప్పి, రెండు కళ్లనూ రెండు చేతుల వేళ్లతో అదిమిపట్టాను. నా పొట్ట మాత్రం దాగలేదు. అది దాగాలంటే భూపాలపల్లిలో కొండ కావాలి.

ఆమె తువ్వాల విప్పి ఆయన భుజాన వేసింది, నల్లద్దాలు తీసింది.

"ఇంకా మబ్బుగనే ఉన్నది," అన్నాడాయన. మెడ ముందుకు చాచి, "కండ్లు... అవుపడుతున్నయే. రెండు. మెరుస్తున్నయ్." "పక్కకు ఎవరే?"

ఆమె నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. "పోతరాజు."

"పోతరాజుకు గింత బొర్రేందే?"

"తినుడెక్కువైంది. దండం పెట్టు."

ఆయన చెప్పులు విడిచి అమ్మకు దండం పెట్టాడు. తర్వాత నాకూ పెట్టాడు. వద్దనడానికి నా చేతులు ఖాళీ లేవు, రాతికి నోరుండదు.

ఆమె దగ్గరికొచ్చి నా చెవిలో అంది: "వేళ్లు తియ్యకు సారూ. మైనం ఆటోల మూటల ఉన్నది."

ఆమె వెళ్లింది. ముసలాయన రెప్ప వాల్చకుండా ఆ కళ్లనే చూస్తూ కూర్చున్నాడు. నా చెమట అమ్మ భుజం మీద పడుతోంది. కాసేపటికి ఆయన లేచి, తడుముకుంటూ వచ్చి, తన కళ్లకు కట్టిన తువ్వాలను మడత విప్పి నా తలమీద కప్పాడు.

"అమ్మకు వెండి కండ్లు పెడితిమి, నీకేం పెట్టకపోతిమి," అన్నాడు.

ఆ తువ్వాల కింద నా మొహం దాగింది. ఆ పూట దానికి అంతకంటే మంచి చోటు లేదు.