హన్నా గారి జడ

పిల్లల చేత అన్నం తినిపించడానికి దయ్యాల కథలు ఎన్ని చెప్పానో గానీ, వాటిలో ఒక్కదాన్నీ నేను నమ్మలేదు. ఇప్పుడు చెప్పేది అలాంటిది కాదు. మెల్‌బోర్న్ శివార్లలోని క్లైడ్ నార్త్‌లో, మా వంటింట్లో, పట్టపగలు నా చేతులతోనే జరిగింది.

మా అమ్మాయి కీర్తన యూనివర్సిటీలో యూదుల చరిత్ర చదువుతోంది. జాతి పేరు పెట్టి జనాన్ని చంపిన రోజుల గురించి, అవి మళ్ళీ రాకుండా మనుషులు కలిసి ఎలా బతకాలో దాని గురించి. ఐటీ వదిలేసి ఇదేమిటని అందరూ అడిగినవాళ్ళే. "మనవాళ్ళకి ఇదెందుకు ఆంటీ, జాబ్ వస్తుందా?" అని పక్కింటి సుజాత మొహం మీదే అంది. నేను ఏడో తరగతితో చదువు ఆపినదాన్ని. అయినా సాయంత్రాలు కీర్తన చెబుతుంటే కూరగాయలు తరగడం ఆపేసి వినేదాన్ని.

వాళ్ళ క్లాసుకి ఏటా హన్నా గారు వచ్చి మాట్లాడతారు. ఎనభై దాటినావిడ. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో యూదులందరినీ సైనికులు రైలెక్కించి, చంపే శిబిరాలకి తీసుకుపోయారు. వాళ్ళమ్మ తిరిగి రాలేదు. తర్వాత ఈవిడ ఎవరో చుట్టాలతో ఓడలో మెల్‌బోర్న్ చేరారట.

ఈసారి ఆవిడని క్లాసుకి తీసుకెళ్ళే పని కీర్తనకిచ్చారు. ముందు మా ఇంట్లో భోజనం. పప్పు, పులిహోర చేశాను. ఆవిడ నాలుగు చెంచాలు తిని ఆపేసి, కీర్తనతో ఇంగ్లీషులో మెల్లగా ఏదో అన్నారు. కీర్తన మొహం వాడిపోయింది. ఏమందే అంటే నాకు తెలుగులో చెప్పింది.

"రానంటోందమ్మా. 'ఇన్నేళ్ళూ మా అమ్మ చావు గురించే చెప్పాను, బతికున్నప్పటి అమ్మ ఒక్కసారైనా గుర్తు రావడం లేదు, ఇక నా వల్ల కాదు' అంటోంది."

హన్నా గారు ముడికి పెట్టుకున్న పిన్నులు ఊడదీసి, తల పట్టుకుని కూర్చున్నారు. తెల్లటి జుట్టు నడుము దాకా జారింది. మా ఇంట్లో జుట్టు విరబోసుకుని ఆడపిల్ల గడప దాటడానికి లేదు. ఆ అలవాటే నన్ను లేపింది. దువ్వెన, కొబ్బరినూనె తెచ్చి ఆవిడ వెనక నిలబడి తల దువ్వడం మొదలుపెట్టాను.

"అమ్మా! అడగాలి కదా! సారీ హన్నా, షీ డస్ దిస్ టు ఎవ్రీవన్!"

"లెట్ హర్," అన్నారావిడ, కళ్ళు మూసుకుని.

నాకు వచ్చింది మూడు పాయల జడ. పెళ్ళికూతుళ్ళకి కూడా అదే వేశాను. ఆ రోజు నా వేళ్ళు నాలుగు పాయలు తీశాయి. నుదుటి పక్క నుంచి ఎత్తి, తల చుట్టూ తిప్పి, కొసని ఎడమ చెవి వెనక దోపాయి. విప్పేసి మళ్ళీ వేద్దామనుకున్నాను. చేతులు ఆగలేదు. భయం వేయలేదు, అదే విచిత్రం. పొయ్యి దగ్గర కూర్చున్నంత వెచ్చగా ఉంది.

హన్నా గారు చెయ్యి పైకెత్తి జడంతా తడిమారు. చెవి వెనకకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కొస పక్కకి తీసి చూపించారు. అక్కడ చిన్న కాలిన మచ్చ. అప్పటిదాకా నేను చూడలేదు.

"ఇది మా అమ్మ వేసే జడే. ఆ మచ్చ కనపడకూడదని కొస అక్కడే దోపేది," అన్నారు, కీర్తన నాకు తెలుగులో చెబుతుంటే. తర్వాత ఉన్నట్టుండి నవ్వారు. "నేను కదులుతూనే ఉండేదాన్ని. దువ్వెనతో నెత్తి మీద ఒక్కటిచ్చేది!"

ఆ మధ్యాహ్నం ఆవిడ తనే బయల్దేరారు. క్లాసులో వెనక బెంచీలో నేనూ కూర్చున్నాను, పక్కన కీర్తన తెలుగులో చెబుతుంటే విన్నాను. ఆవిడ ముందుగా వాళ్ళమ్మ చేతుల గురించి, కోపం గురించి, దువ్వెన దెబ్బల గురించి చెప్పారు. పిల్లలు నవ్వారు. రైలు సంగతి ఆ తర్వాతే వచ్చింది. అప్పటికి వాళ్ళమ్మ అందరికీ తెలిసిన మనిషైపోయింది. క్లాసులో చాలామంది ఏడ్చారు.

కీర్తన పుస్తకాల్లో అలాంటి జడ బొమ్మ చూసుంటావని మావారన్నారు. ఆ పుస్తకాలు నేను తెరిచిందే లేదు. కీర్తన తల మీద ఎన్నిసార్లు ప్రయత్నించినా నాలుగో పాయ ఎటు పోవాలో నాకు తెలియడం లేదు.

హన్నా గారు ఇప్పటికీ వస్తుంటారు. స్టూలు లాక్కుని కూర్చుని, దువ్వెన నా చేతికిస్తారు. నాకొచ్చిన మూడు పాయలే వేస్తాను. ఆ రోజు ఆ జడ ఎలా పడిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.