గొల్టి అల్లుడి వేషం

ఒక్కసారి టీవీలో మొహం కనబడితే చాలు, జన్మ ధన్యమైపోతుందని గట్టిగా నమ్మిన వయసు అది. మద్రాసు చింతాద్రిపేటలో పుట్టి, టి. నగర్ చీరల కొట్లో లెక్కలు రాసుకుంటున్న నాకు, ఒక తమిళ కామెడీ సీరియల్లో 'గొల్టి అల్లుడి' వేషానికి మనిషిని వెతుకుతున్నారని తెలిసింది. (గొల్టి అంటే తెలుగువాళ్లను తమిళులు ఆటపట్టించే పేరు. కోపం రావాలి గానీ, వేషం అనేసరికి నా చెవికి అదేదో బిరుదులా వినబడింది.) అసలు సిసలు తెలుగువాణ్ణి నేను ఎదురుగా ఉండగా ఇంకెవరిని తీసుకుంటారు! ఎగిరి గంతేసి వెళ్లాను.

"తెలుగుల ఏదాచ్చుం పేసు తంబీ" అన్నారు డైరెక్టరు, తెలుగులో ఏదైనా మాట్లాడమని. ఇంట్లో మాట్లాడినట్టే, "మామా, ఈడ కూచోని ఏం జేస్తా ఉండావు? ఆడ అత్త పిలస్తా ఉంది" అన్నాను. ఆయన మొహం చిట్లించి, "ఇదు తెలుగా? తమిళ్ మాదిరి ఇరుక్కే! 'లు' ఎంగే?" అన్నారు. ఇది తెలుగేనా, తమిళంలా ఉంది, 'లు' ఏదీ అని ఆయన బాధ. నాకంటే ముందొచ్చిన తమిళ కుర్రాడు మాటమాటకీ 'లు' తగిలించి అప్పటికే అందర్నీ నవ్వించి ఉన్నాడు మరి! వేషం చెయ్యిజారిపోతోందని నేనూ అందుకున్నాను: "మామగారులు! ఆకలిలు వేస్తోందిలు! ఇడ్లీలులు పెట్టండిలు!" అందరూ గొల్లుమన్నారు. "సూపర్! ఇదుదాన్ తెలుగు!" అని, తెలుగంటే ఇదేనని తేల్చేసి డైరెక్టరు భుజం తట్టారు. వేషం నాదే! పసుప్పచ్చ చొక్కా, బారెడు మీసం, చంకలో ఆవకాయ జాడీ. ఆహా, ఆ ఆనందం చెప్పతరమా!

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సీరియల్ వచ్చే సాయంత్రం అవ్వను టీవీ ముందు కూర్చోబెట్టి, నేనూ పక్కన చేరాను. నాకు మాటలు నేర్పిందే అవ్వ. ఆవిడ భేష్ అంటే చాలు నాకు. తెరమీద నేను 'లు'లు కురిపిస్తుంటే అవ్వ కళ్లజోడు సర్దుకుని రెప్పవేయకుండా చూసింది.

"పాపం, ఎవురో అరవ పిలగాడు" అంది చివరికి. "మన మాట నేర్చుకునేదానికి ఎంత తిప్పలు పడతా ఉండాడో! నువ్వన్నా పోయి రెండు ముక్కలు నేర్పకూడదంట్రా?"

"సరే అవ్వా" అన్నాను. ఆ మీసం వెనకున్నది నేనేనని మాత్రం చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాగదు, ఆ మీసం పెట్టుకున్న అప్పటి నన్నూ, వాడి సంబరాన్నీ చూస్తే జాలీ పుడుతుంది. అవ్వ చెప్పినట్టు పోయి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రెండు ముక్కలు తెలుగు నేర్పి రావాలనిపిస్తుంది.