మణికి తగ్గిన తట్టు

ఎండాకాలం నిజామాబాద్‌లో మా ఇంటి దగ్గరి కంఠేశ్వర్ గుడి దారిలో చెరుకు రసం బండ్లు పెడతారు. అల్లం ముక్క, నిమ్మచెక్క మడతలో పెట్టి గడను గానుగలోకి తోస్తుంటే లేచే ఆ పచ్చి తీపి వాసన తగిలిందంటే చాలు, నా మనసు బోధన్ పక్కన మా ఊరి బాట మీదికి వెళ్లిపోతుంది.

చలికాలం వచ్చిందంటే ఆ బాట నిండా చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లే. ఎడ్ల మెడల్లో గంటలు, తెల్లారకముందే మోగే సైరన్, గాలి మళ్లినప్పుడు ఊరిని కమ్మేసే చెరుకు మడ్డి వాసన, కళ్లాల దగ్గర పసుపు కొమ్ములు ఉడికే ఆవిరి, వీటన్నిటి మధ్య పిల్లలం బండ్ల వెనక పరుగెత్తి గడలు గుంజేవాళ్లం. అందరికంటే బాగా గుంజేది మా చెల్లెలు గంగామణి. బండాయన వెనక్కి తిరిగేలోపే పొడుగాటి గడ లాగేసి, గట్టు మీద కూర్చుని, పళ్లతో సర్రున చెక్కు తీసేది. "మొదలు మస్తు తియ్యగుంటది, నువ్వు తిను అక్కా" అని ఆ ముక్క నాకే ఇచ్చేది.

మణికి ఏడో ఏడు నడుస్తుండగా, ఒకరోజు ఆ గడ చేతిలోంచి జారింది. నవ్వుతూ తీసుకుంది. మళ్లీ జారింది. ఎవరో తట్టినట్టు చెయ్యి ఉన్నట్టుండి ఎగిరిపడేది. కొన్నాళ్లకు అన్నం తింటుంటే తల ముందుకు వాలిపోయేది. వచ్చిన ఎక్కాలు మరిచిపోయిందని బళ్లో పంతులు కొట్టాడు. కన్నతల్లి, మా అవ్వ కూడా మొదట్లో గద్దించింది.

"ఏషాలెయ్యకే మణీ!"

"నేనేస్తలేనే అవ్వా, చెయ్యే గట్లంటుంది" అంది మణి బిత్తరపోయి.

తాయెత్తులు కట్టించారు. నిజామాబాద్‌లో చూపించారు. అక్కడి డాక్టరు పంపితే బాపు దాన్ని భుజాన వేసుకొని, అవ్వను వెంటబెట్టుకొని హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. నన్ను విడిచి ఉండనని అది ఏడిస్తే నన్నూ తీసుకెళ్లారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు అవ్వను ఒక్కటే అడిగాడు.

"చిన్నప్పుడు తట్టు పోసిందా?"

"పాలు తాగే పిల్లప్పుడు పోసింది సారూ. మంచిగనే తగ్గె."

నిజంగానే తగ్గింది. వేపాకు మీద పండబెట్టి, తగ్గాక నీళ్లు పోసి, తల్లి చల్లగ చూసిందని అవ్వ బోనం కూడా వండింది.

"తగ్గలేదమ్మా, మెదడులో దాక్కుంది. ఎక్కడో ఒక్క పిల్లకు ఇట్లయితది. దీనికి మందు లేదు."

"గా ఒక్క పిల్ల నా పిల్లనే ఎందుకైంది సారూ?" అంది అవ్వ.

తరువాత నడక పోయింది. మాటలు ఒక్కొక్కటిగా రాలిపోయి చివరికి 'అక్కా' ఒక్కటే మిగిలింది. కొన్నాళ్లకు అదీ పోయింది. ఆ ఏడు బతుకమ్మకు అవ్వ సజ్జరొట్టె, బెల్లం కలిపి మలీద చేసి, పాలలో మెత్తగా నలిపి దాని నోట్లో పెట్టింది. మింగడం మరిచిపోయిన మణి పెదవుల మీదుగా అదంతా అవ్వ చేతిలోకే జారింది. అవ్వ తుడిచి, మళ్లీ పెట్టింది.

చెరుకు బండ్లు మళ్లీ కదిలే వేళకు మణి లేదు. ఆ తరువాత మా ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. బండ్ల చప్పుడు వినబడితే బాపు లేచి తలుపు మూసేవాడు.

ఇప్పుడు ఆ బాట మీద బండ్లు లేవు. సైరన్ మూగబోయి ఏళ్లయింది. చెరుకు చేలల్లో వరి ఊగుతోంది. మొన్న మనుమరాలికి తొమ్మిదో నెల సూది వేయించి వచ్చాక, ఏడుస్తున్న పిల్లను ఊపుతూ కోడలు అడిగింది.

"ఇది తట్టు రాకుండ ఏస్తరన్నది నర్సు. తట్టంటే ఏంది అత్తమ్మా?"

జ్వరమొచ్చి ఒళ్లంతా ఎర్రగా పొక్కుతుందని చెబుదామనుకున్నాను. నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"నాకొక చెల్లె ఉండె బిడ్డా" అన్నాను.