ముగ్గు లేని వాకిలి

ఊరి నుంచి తిరిగొచ్చేసరికి వీధి తలుపుకు నాన్న వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపలికి వెళ్తే బీరువా బార్లా తెరిచి ఉంది. అమ్మ కుట్టుమిషను లేదు. కుట్టమని ఇరుగుపొరుగు ఇచ్చిన జాకెట్టు గుడ్డలూ లేవు. పెరటి తలుపును బందులతో సహా ఊడదీసి, గోడకు ఆనించి వెళ్లారు.

తెలుగునేలకు దూరంగా, హిందీ మాట్లాడే బాగ్‌బేరాలో మాది రైల్వే క్వార్టరు. నాన్నకు యార్డులో పని. ఏటా వేసవిలో పాసు మీద శ్రీకాకుళం దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లేవాళ్లం. అమ్మ తన తల్లిని చూసుకునేది ఆ ఒక్కసారే. ఆ ఏడు బయల్దేరే ముందు నాన్న బజారులో దొరికిన అన్నిటికన్నా పెద్ద తాళం కొన్నాడు. కిటికీ రెక్కలకు లోపల తీగ చుట్టాడు. అమ్మ బియ్యప్పిండి తడిపి, చాన్నాళ్లు చెరగకుండా ఉండాలని వాకిట్లో పెద్ద ముగ్గు పెట్టింది.

రిపోర్టు రాసుకోవడానికి వచ్చిన పోలీసు తాళం వైపు చూడనే లేదు. వాకిలి చూసి నవ్వాడు.

"ఆప్ లోగ్ రోజ్ సుబహ్ యే బనాతే హై న? నహీ బనా, తో ఘర్ ఖాలీ."

రోజూ పొద్దున్నే వేసే ముగ్గు పడలేదంటే ఇల్లు ఖాళీ అని. నిజమే. వరసలో తెలుగువాళ్ల ఇళ్ల ముందు తెల్లారేసరికి కొత్త ముగ్గు పడుతుంది. మా ముందు మాత్రం పాత ముగ్గు, దాని మీద యార్డు మసి. మేం ఊళ్లో లేమని సందులో పోయే ఎవరికైనా తెలుస్తుంది.

మేం అత్త అని పిలిచే పక్కింటావిడ అమ్మను ఓదార్చింది. "ఈపాలి ఎల్తే నీ వాకిట్లో నానేత్తాను ముగ్గు." అంతలోనే ఆమెకే అనుమానం వచ్చింది. "పెరట్లోంచి వత్తే నానేటి సేత్తాను వదినా? కర్రట్టుకుని కూకోనా?"

"నువ్వు కర్రట్టుకుంటే ముందల మీ ఆయనే పారిపోతాడు," అంది అమ్మ.

ఇద్దరూ నవ్వారు. కానీ ఆ తర్వాత అమ్మ కూరలకు కూడా ఇల్లు వదిలి వెళ్లేది కాదు. నాన్న పెరటి తలుపుకు ఇనుప పట్టీ వేయించి, లోపలి నుంచి గట్టిగా లాగి చూపించాడు.

"దొంగోడు అట్నించి కదా వత్తాడు," అంది అమ్మ.

మరుసటి ఏడు అమ్మమ్మ మంచం పట్టిందని టెలిగ్రాం వచ్చింది. నాన్న సెలవు పెట్టి ఇంటికి కాపలా ఉంటే తను బయల్దేరాలని అమ్మ అనుకుంది. సెలవు మంజూరు కాకముందే రెండో టెలిగ్రాం వచ్చింది.

దొంగ ఎవరో ఇప్పటికీ తెలియదు. మొదటి టెలిగ్రాం రాగానే అమ్మ ఇల్లు వదిలి వెళ్లి ఉంటే, మా ఇంటికి మళ్లీ వచ్చి ఉండేవాడో కాదో, అదీ తెలియదు.