తెయోఫిల్ విన్న లిఫ్టు

తిమిష్వారా నగరంలో పాత టోపీల ఫ్యాక్టరీ కింది గదిలో ఆదివారం మధ్యాహ్నాలు మేం పదిమంది చేరి ఒక ఆట ఆడేవాళ్లం. ఎవరో ఒకరు తాము చేసిన సంగీతం వినిపిస్తారు. అందులో రాగం ఉండదు, తాళం ఉండదు. ఎక్కడెక్కడివో చప్పుళ్లు పట్టుకొచ్చి, సాగదీసి, తిరగేసి దాచిపెడతారు. అవేమిటో మిగతావాళ్లు చీటీ మీద రాయాలి.

తెయోఫిల్ సంగీతం కోసం రాలేదు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి, యాభై ఏడేళ్లు. మా భవనంలో లిఫ్టు ఆగిపోతే వచ్చి, పని ముగించుకుని వెళ్తూ మా తలుపు దగ్గర నిలబడ్డాడు. "అవి అక్రోట్లు పగలగొట్టే చప్పుళ్లండీ, తిరగేశారు," అన్నాడు. నిజమే. ఆ రోజు నుంచి మా ఆటలో ఆయన్ని ఓడించినవాళ్లు లేరు.

మార్చిలో ఒక ఆదివారం స్మరాండా అనే అమ్మాయి పన్నెండు నిమిషాల ముక్క వినిపించింది. అడుగున ఏదో మూలుగు సాగుతోంది. నేను చర్చి ఆర్గన్ అని రాశాను. తెయోఫిల్ లిఫ్టు అని రాశాడు.

"గెలిచావు బాబాయ్, ఇక కూర్చో," అంది స్మరాండా.

ఆయన కూర్చోలేదు. "ఎక్కడిదమ్మా ఆ లిఫ్టు?"

"గుర్తులేదు. పోయిన నెల ఊరంతా తిరిగి రికార్డు చేశా. వందల ముక్కలున్నాయి."

"పైన కప్పీ బేరింగు పోతోంది. జనం ఎక్కుతున్నారు దాన్ని."

"నాలుగింతలు సాగదీశాను. అంత సాగదీస్తే నీ గురకా అలాగే ఉంటుంది."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. సాగదీయకుండా మళ్లీ పెట్టించుకుని విన్నాడు, టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ వారం డ్యూటీ దిగగానే ఒక్కో అపార్ట్‌మెంటుకీ వెళ్లి, లిఫ్టు గోడకి చెవి ఆనించి పైకీ కిందకీ తిరిగాడు. రోజుకి మూడుసార్లు నాకు ఫోను చేసేవాడు. ఎప్పుడైనా మీ చేతిలో ప్రమాదం జరిగిందా అని అడిగాను.

"ఏమీ జరగలేదు. జరిగితేగానీ భయపడకూడదా?" అన్నాడు.

గురువారం నన్నూ స్మరాండానీ కూర్చోబెట్టి అసలు రికార్డింగు మొత్తం పెట్టించాడు. లిఫ్టు మోత వెనక సన్నగా ఏదో కీచుమంటోంది. కత్తులకి సాన పడుతున్నారన్నాను నేను. పిట్టలంది స్మరాండా.

"ట్రామ్. పట్టాల మీద ఒక మలుపు తిరిగి, వెంటనే ఇంకోటి తిరిగింది," అన్నాడాయన.

అలాంటి జంట మలుపు ఊళ్లో ఒక్కటే ఉంది, కూరగాయల మార్కెట్టు వెనక. అక్కడ రెండో అపార్ట్‌మెంటులో లిఫ్టు ఎక్కగానే అదే మూలుగని మాకూ తెలిసిపోయింది. ఆయన కిందకి దిగి మెయిన్ స్విచ్ కట్టేసి, ఫ్యూజు జేబులో వేసుకున్నాడు.

భవనం చూసుకునే కోర్నెలియా గారు చెప్పులీడ్చుకుంటూ వచ్చారు. "పరీక్ష చేసిన కాగితం గోడకే ఉంది, కనబడట్లేదా? అసలు ఎవరయ్యా నువ్వు?"

ఆవిడ వెనకే బస్తాతో ఓ ముసలాయన. "నాది ఎనిమిదో అంతస్తు. ఈ బంగాళదుంపలు నువ్వు మోస్తావా?"

తెయోఫిల్ బస్తా భుజాన వేసుకున్నాడు.

మర్నాడు ఆ లిఫ్టు చూసే కంపెనీవాళ్లు వచ్చి విప్పారు. బేరింగు అరిగింది నిజమే, కానీ ఇంకో ఏడాది లాగేదన్నారు. కొత్తది వేశారు. పరాయి లిఫ్టు ముట్టుకున్నందుకు తెయోఫిల్‌కి ఆఫీసులో మందలింపు కాగితం ఇచ్చారు.

"ఏడాదో, వారమో వాళ్లకెలా తెలుసు?" అని నన్నడిగాడు. తర్వాత రెండు నెలలు ఆదివారాలు రాలేదు.

మే నెలలో స్మరాండా కచేరీ పెట్టింది. ఆ ముక్కలోంచి లిఫ్టు తీసేస్తానని ఆయనకి కబురు పంపింది. వద్దన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. మూలుగు మొదలవగానే లేచి బయటికి నడిచాడు. నేనూ వెళ్లాను. మెట్ల మీద సిగరెట్టు ముట్టించుకుంటున్నాడు.

"ఇంకా ఎంతసేపు?"

"నాలుగు నిమిషాలు."

"ఎవరైనా కనిపెట్టారా అదేమిటో?"

"ఆర్గన్ అనుకుంటున్నారు."

"అనుకోనీ," అని ఆ నాలుగు నిమిషాలూ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు.