రెండు వేళ్ల వాలు

పొద్దున్నే పేపర్లో తను గీసిన బొమ్మ చూసుకుని దర్జీకి ఒళ్లు చల్లబడింది.

బొమ్మలు వేయడం అతనికి ఎవరూ నేర్పలేదు. గుడ్డ మీద సుద్దముక్కతో గీసిన గీతలే అతని బడి. కొలతలిచ్చి వెళ్లిన మనిషిని, పొట్టతో సహా, కత్తిరింపు కాగితాల మీద గీసి నవ్వుకునేవాడు. ప్యాంటు కోసం వచ్చిన పత్రిక సంపాదకుడు ఒకసారి అది చూసి, జేబులో వేసుకుపోయి అచ్చు వేశాడు. అప్పటినుంచి ఇరవై రెండేళ్లుగా వారానికో బొమ్మ, కింద 'దబ్బనం' అన్న సంతకం. ఆ దబ్బనం ఎవరో సంపాదకుడికి, భార్యకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

అధ్యక్షుడి మొహం గీయకూడదని ఈ నెలలో హుకుం వచ్చింది. అందుకే మొహం మానేసి, కుర్చీకి తగిలించిన కోటు గీశాడు. ఆ కోటుకి ఎడమ భుజం రెండు వేళ్లు కిందికి వాలి ఉంది. ఆలోచించకుండానే చెయ్యి కొలత ప్రకారం పోయింది. అధ్యక్షుడికి కోట్లు కుట్టేది అతనే. దూది దట్టించి దాచిన ఆ వాలు లోకానికి తెలియదు.

"ఇంత చిన్నది ఎవరు చూస్తారు? ఊరికే బెంబేలు పడకు," అంది కాజాలు కుడుతున్న భార్య. ఆమె సూది మాత్రం ఆగిపోయింది.

గుమ్మం బయట అడుగు వినిపించినప్పుడల్లా మిషను కింద గుడ్డ వంకర పోయింది. పదకొండింటికి అధ్యక్షుడి కార్యదర్శి వచ్చాడు. చేతిలో కోటు, చంకలో పేపరు.

"ఏం మేస్త్రీ, ఈ భుజం సంగతి ఎవరికైనా చెప్పావా?"

"నా నోట్లో ఎప్పుడూ గుండుసూదులే కదండీ. ఇక మాటకి చోటెక్కడిది?"

కార్యదర్శి నవ్వలేదు. బల్ల మీద తెల్లకాగితం పరిచి పెన్సిలు అందించాడు. "వాలు ఎంతో గీసి చూపించు."

దర్జీ పెన్సిలు అందుకున్నాడు. గీస్తే, భుజం చివర గీత చిన్న కొక్కెంలా తిరుగుతుంది, పేపర్లో తిరిగినట్టే. ఇంకోలా గీయడం అతనికి రాదు.

భార్య లేచి పెన్సిలు లాక్కుంది. "ఆయనకి గీతలేం వచ్చు బాబుగారూ? కొలిచేది ఆయన, గీసేది నేను."

వంగి గీసింది. మెడ దగ్గర మొదలైన గీత మెల్లగా కిందికి జారింది. ఇరవై రెండేళ్లు పక్కన కూర్చుని చూసిన కళ్లు ఆమెవి. ఆమెకీ ఎవరూ నేర్పలేదు. భుజం చివర పెన్సిలు చిన్న కొక్కెంలా తిరిగింది.

కార్యదర్శి పేపరు విప్పి కాగితం పక్కన పెట్టాడు. తలెత్తి ఆమెనే చూశాడు.

"అయితే నువ్వన్నమాట."

దర్జీ ఆమె వేళ్లలోంచి పెన్సిలు తీసుకున్నాడు. ఆమె గీసిన భుజం పైన, గీయకూడని మొహం గీసి, కింద 'దబ్బనం' అని రాశాడు.