ఇంటిపేరు పెట్టి పిలిస్తే ఎవరొస్తారు?

మా పేట మంచినీళ్ల చెరువులోకి చేపల చెరువు మురుగు వదులుతున్నారు. ఈ పొద్దున బిందె మూత తీయగానే మళ్లీ అదే నీచు కంపు. దీన్ని ఏలూరు మంచినీళ్ల ఆఫీసులో "నీటి నాణ్యతలో వ్యత్యాసం" అంటారు. ఆ వ్యత్యాసాన్ని తాగి నా మనవరాలు రాత్రంతా వాంతులు చేసుకుంది. సుగుణమ్మ టీచరు గారైతే ఆ మాటను గుమ్మం దాటనిచ్చేవారు కాదు.

కైకలూరులో నేను ఐసు దిమ్మలు మోసే రోజుల్లో, మిషను బడిలో పాఠాలు చెప్పే సుగుణమ్మ గారు మా పక్కింట్లో ఉండేవారు. బడి మొహం చూడని నాకు సాయంత్రాలు తన అరుగు మీద అక్షరాలు నేర్పారు. నాలుగు ముక్కలు రాయడం రాగానే నేను గొప్పగా "మా బతుకంతా కష్టం" అని రాసి చూపించాను.

"కష్టం ఎక్కడుందిరా అబ్బాయ్? చూపించు," అన్నారు.

కోపమొచ్చి చొక్కా జరిపి భుజం చూపించాను. "మోసేటప్పుడు ఏం తెలీదండీ, మొద్దుబారిపోద్ది. అన్నం ముందు కూర్చున్నాక మొదలవుద్ది. ముద్ద ఎత్తలేను."

"అదిగో, అది రాయి."

నేనేమీ ఊరుకునే రకం కాదు. ఓ ఆదివారం ఆవిడ చర్చి నుంచి వస్తుంటే నిలేశాను. "ప్రేమ, ప్రేమ అని పాడొచ్చారు కదండీ. ఏదీ, చూపించండి!"

పకపకా నవ్వారు. "ఎంత పొగరురా నీకు! పెద్ద మాటలు వద్దని నేనన్నానా? అవి ఇంటిపేర్ల లాంటివి. వీధిలో నిలబడి ఇంటిపేరు పెట్టి కేకేస్తే, నన్ను కాదులే అని అందరూ లోపలే కూర్చుంటారు. మనిషి పేరు పెట్టి పిలువు, రాకేం చేస్తాడు? సరే, రా, పులుసన్నం తిని వెళ్లు."

పళ్లెంలో నాకోసం ఒక చెంచా కూడా వేసి పెట్టారు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇవాళ బస్సెక్కి ఏలూరు వెళ్లాను. ఇంజనీరు కుర్రాడు తలెత్తకుండానే, "సమస్య మా దృష్టిలో ఉందండీ. తగు చర్యలు తీసుకుంటాం," అన్నాడు.

"ఇంటిపేర్లు చెప్పకండి బాబూ. ఏ తూము? ఎవరు మూస్తారు? ఎప్పుడు?"

"కూర్చోండి పెద్దాయనా, ఆవేశపడకండి."

"కూర్చోను. ఆ మూడూ చెప్పేదాకా కదలను."

బంట్రోతు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. బల్ల అంచు వదల్లేదు నేను. ఐసు మోసిన భుజం ఇది, అంత తేలిగ్గా లొంగదు. భోజనాల వేళ దాటింది. చివరికి ఆ కుర్రాడు ఎవరికో ఫోను చేసి మాట్లాడి, మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"పడమటి గట్టు తూమండీ. ఇవాళ చీకటి పడేలోపు నేనే దగ్గరుండి మూయిస్తాను. రాకపోతే వచ్చి అడగండి. నా పేరు శ్రీధర్."